అడగడం, అడిగించుకోవడం

సుఖంగా గడిచే ముసలితనం గురించి తెలుగులో ఏం చదవాలని అడిగితే ఎక్కువమంది శ్రీరమణ 'మిథునం' చదవమంటారు. మన స్టాఫ్ రూముల్లోనూ అంతే. బాపు ఆ కథ మొత్తాన్ని తన చేతిరాతతో రాశారని ఒకరు చెబుతారు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో దాన్ని మలయాళంలో సినిమా తీశారని ఇంకొకరు గుర్తు చేస్తారు. 2012లో తనికెళ్ళ భరణి తీసిన తెలుగు సినిమానైతే చూడనివాళ్ళు తక్కువ. అప్పదాసు, బుచ్చిలక్ష్మి. ఊళ్ళో ఇల్లు, ఇంటి చుట్టూ తోట, పిల్లలు ఎక్కడో దేశాలు దాటి. ఇద్దరూ వండుకుంటారు, తింటారు, పోట్లాడుకుంటారు, నవ్వుకుంటారు.

మాకూ ఆ సినిమా నచ్చింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తిండి గురించి మాట్లాడుతుంటే మాకూ ఆకలేసింది. అయినా చూడటం అయిపోయాక ఒక సందేహం మిగిలింది. అంత పెద్ద తోట ఉన్న ఊళ్ళో తెర మీద ఇద్దరే మనుషులు. మరి ఊరేది? గేటు తీసుకుని చెంబెడు మజ్జిగ అడగడానికో, తగువు తీర్చమనడానికో ఒక్కరూ రారేం? ఇద్దరితోనే సినిమా నడపడం దర్శకుడి నేర్పు కావచ్చు. కానీ అందులోంచి చూసేవాళ్ళకు అందేది మాత్రం ఒక అభిప్రాయం: వయసు మళ్ళాక సుఖమంటే లోకం వైపు తలుపు దగ్గరగా వేసుకుని, మనకు మనం చాలడం. దానికి ఇల్లు కావాలి, తోట కావాలి, నెలనెలా డబ్బు కావాలి. పొయ్యి దగ్గర అలసిపోకుండా నిలబడే బుచ్చిలక్ష్మి కావాలి. ఆవకాయ మీదా కాఫీ మీదా పాటలున్న ఆ ఇంట్లో వండేది ఎవరో, కూర్చుని తినేది ఎవరో మన టీచరమ్మలు ముందే గమనించారు. మేము కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆ సినిమా పక్కన పెట్టి చదవడానికి మేము ఒక పాతబస్తీ కవి పేరు చెబుతాం. అమ్జద్ హైదరాబాదీ. ఉర్దూ కవి కదా, మనకేం సంబంధం అనవద్దు. ఆయన్ని తెలుగులోకి తెచ్చింది మన జిల్లా మనిషే. దహెగాం దగ్గర తెనుగుపల్లెలో 1928లో పుట్టి, బడిపంతులుగా బతికిన సామల సదాశివ గారు. 'అమ్జద్ రుబాయీలు' ఆయన చేసిన అనువాదం.

ముందు అమ్జద్ జీవితంలోని ఒక రోజు గురించి తెలియాలి. 1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగి హైదరాబాదును ముంచేసిన రోజు. సుమారు 15,000 మంది చనిపోయారని లెక్క చెబుతారు. మన ఊళ్ళ నుంచి రోగిని తీసుకుని ఉస్మానియా ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు అక్కడి ఆవరణలో ఒక పాత చింతచెట్టును చూసే ఉంటారు. ఆ రోజు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. యువకుడైన అమ్జద్ కూడా బతికాడు. కానీ తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కళ్ళ ముందే కొట్టుకుపోయారు. ఆ వరద మీద ఆయన 'ఖయామతె సుగ్రా' అనే కవిత రాశాడు. చిన్న ప్రళయం అని అర్థం. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా బతికి, 1961లో కన్ను మూశాడు. ఆ కాలమంతా ఆయన రాసినవాటిలో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నవి రుబాయీలు.

రుబాయీ అంటే నాలుగు పాదాల పద్యం. ఒకటి, రెండు, నాలుగు పాదాల చివర ప్రాస కలుస్తుంది. మూడో పాదం మామూలుగా ప్రాస లేకుండా విడిగా నిలబడుతుంది. మాట అక్కడ మలుపు తీసుకుని నాలుగో పాదంలో తేలుతుంది. వేమన పద్యం నేర్పినవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు. చిన్న పద్యం, పెద్ద మాట, గుర్తుండిపోయే ముగింపు. అమ్జద్ రుబాయీల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేది ఉన్నదానితో తృప్తి, దేవుడి మీద భారం వేయడం, మనిషి ముందు చెయ్యి చాపకపోవడం. అడగాల్సి వస్తే పైవాణ్ణే అడుగు, నీలాంటి ఇంకో మనిషిని అడగవద్దు అన్నది ఆయనకు బాగా పేరు తెచ్చిన ఒక రుబాయీ సారాంశం.

ఇక్కడ మాకు ఒక చిక్కు ఉంది. తృప్తి అనే మాట వింటే ఆదివాసీలం కాస్త జాగ్రత్తపడతాం. మన గురించి బయటివాళ్ళు రాసిన పుస్తకాల్లో, తీసిన డాక్యుమెంటరీల్లో ఈ మాట చాలాసార్లు వచ్చింది. "వాళ్ళకు ఏమీ లేదు, అయినా సంతోషంగా ఉంటారు" అంటారు. వినడానికి పొగడ్తలా ఉంటుంది. రోడ్డు వేయకపోయినా ఫర్వాలేదు, పట్టా ఇవ్వకపోయినా ఫర్వాలేదు అనడానికి కూడా అదే మాట పనికొస్తుంది. మా తాతలు నవ్వుతూ కనబడిన ఫొటోల్లో వాళ్ళ కాళ్ళకు చెప్పులు లేవు. ఫొటో తీసినవాళ్ళు నవ్వునే చూశారు.

మరి అమ్జద్ చెప్పే తృప్తిని ఎందుకు ఒప్పుకోవాలి? ఎందుకంటే అది ఇంకొకరికి చెప్పిన సలహా కాదు, తనకు తాను చెప్పుకున్న మాట. వరదలో ఇల్లంతా పోగొట్టుకున్నవాడు 'ఇది చాలు' అంటే ఆ మాటకు బరువుంటుంది. నిండిన గాదె పక్కన కూర్చుని ఎదుటివాడితో 'నీకది చాలు' అంటే ఆ బరువుండదు. పాఠం చెప్పేటప్పుడు టీచర్లు ఈ తేడా పట్టుకోవాలి. నీతి పద్యాలన్నిటినీ ఒకే గాటన కట్టి "ఆశ పడరాదు" అని బోర్డు మీద రాసేస్తే, హాస్టల్లో నీళ్ళ పప్పు తింటున్న పిల్లవాడు దాన్ని తనకే చెప్పారనుకుంటాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన భాషలో 'అడగడం' అంటే రెండున్నాయి. బియ్యం అడుగుతాం, కథా అడుగుతాం. అమ్జద్ వద్దన్నది మొదటిది, యాచన. రెండో అడగడం గురించి ఆ రుబాయీ మాట్లాడదు. వయసు మళ్ళినవాళ్ళ సుఖదుఃఖాలు చాలావరకు ఈ రెండింటి మధ్యే తిరుగుతాయని మాకు అనిపిస్తుంది. మొదటి రకం అడగడం ఎంత పెరిగితే మనిషి అంత కుంగుతాడు. తనను ఎవరూ రెండో రకంగా అడగకపోయినా కుంగుతాడు.

పాతబస్తీలో నడిస్తే ఇది కళ్ళకు కనబడుతుంది. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నయాపూల్ దాటితే మదీనా, పత్తర్‌గట్టి, ఆపైన చార్మినార్. అప్పదాసు తోటకు ఇక్కడ చోటు లేదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, ఇంటి ముందు చబుత్రా. చబుత్రా అంటే మన అరుగే. దాని మీద ముసలివాళ్ళూ పడుచువాళ్ళూ కలిసే కూర్చుంటారు. అలాగని పాతబస్తీ ముసలివాళ్ళంతా సుఖంగా ఉన్నారని మేము అనడం లేదు. అలా అంటే మనల్ని ఫొటో తీసినవాళ్ళు చేసిన పనే మేమూ చేసినట్టు. పత్తర్‌గట్టికి దగ్గర్లోనే ఛత్తాబజార్ ఉంది. ఒకప్పుడు అక్కడ కాతిబులు, అంటే ఉర్దూ చేతిరాత పనివాళ్ళు, కూర్చుని పుస్తకాలకూ పోస్టర్లకూ పెళ్ళి కార్డులకూ రాసిచ్చేవాళ్ళు. కంప్యూటర్‌లో ఉర్దూ అక్షరాలు వచ్చాక ఆ పని చాలామందికి పోయింది. ఇప్పుడు అక్కడ ఎక్కువగా కనబడేవి ప్రింటింగ్ ప్రెస్సులు, కార్డుల దుకాణాలు. వెదురు కలంతో నలభై ఏళ్ళు రాసిన చేతికి ఆ వంపులు మరిచిపోవడం తెలియదు. చెయ్యి బాగానే ఉంది, రాసిపెట్టమని అడిగేవాడే లేడు. మన ప్రధాన్‌ల కిక్రి సంగతి తెలిసినవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పాలా?

ఇక సదాశివ గారి దగ్గరికి వద్దాం. ఆయన నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు, తెలుగులో పద్యాలు రాశారు, టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయన ఆదిలాబాద్‌లో కూర్చుని రాసిన వచనమే ఈనాటి పాఠకులు ఎక్కువగా చదువుతున్నది. 'మలయమారుతాలు', 'యాది', 'సంగీత శిఖరాలు', 'స్వరలయలు'. 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చేనాటికి ఆయన వయసు 83 ఏళ్ళు. మరుసటి ఏడు ఆగస్టులో పోయారు.

'యాది'లో లోపాలు లేవని కాదు. ముచ్చట ఒకచోట మొదలై ఇంకెక్కడికో పోతుంది. ఉర్దూ కవుల పేర్లు, ఉస్తాదుల పేర్లు వరసగా వచ్చి పడతాయి. ఆ లోకం తెలియని పిల్లలు పది పేజీల్లో తప్పిపోతారు. ఇంటర్ చదివే పిల్లలకు మొదటి పుస్తకంగా మేము దాన్ని ఇవ్వం. కానీ పట్టు దొరికాక వదలదు. కారణం ఆ పుస్తకం తన గొప్ప చెప్పుకునే ముసలాయన పుస్తకం కాకపోవడం. ఎదురుగా ఎవరో కూర్చుని "ఆ తర్వాత ఏమైంది సార్?" అని అడుగుతున్నట్టుగా వాక్యం నడుస్తుంది. తనకు పాఠం చెప్పినవాళ్ళు, పాట వినిపించినవాళ్ళు, ఉత్తరం రాసినవాళ్ళు, అందరూ అందులోకి వచ్చి కూర్చుంటారు. అప్పదాసు తోటలో లేని ఊరు ఈ పుస్తకంలో ఉంది. ముస్లింలూ హిందువులూ, పాతబస్తీ వాళ్ళూ మారుమూల జిల్లా వాళ్ళూ కలిసిన ఊరు అది. ముసలితనం గురించి ఒక్క సలహా లేకుండానే, పెద్దవయసులో ఒక మనిషి ఎట్లా నిండుగా ఉండవచ్చో ఆ వచనం చూపిస్తుంది. 'మిథునం' కన్నా 'యాది' గొప్పదని మేము అనడానికి ఇదే కారణం. వంట మాత్రం 'మిథునం'లోనే బాగుంటుంది.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1938లో మొదలుపెట్టి ఇప్పటికీ సాగిస్తున్న ఒక పరిశీలన ఉంది. కొన్ని వందలమందిని పడుచు వయసు నుంచి ముసలితనం దాకా గమనించారు. డబ్బు, పేరు కన్నా మనుషులతో ఉన్న మంచి సంబంధాలే చివరి వయసులో ఆరోగ్యాన్నీ సంతోషాన్నీ నిలబెడతాయని వాళ్ళు తేల్చారు. మొదట తీసుకున్నవాళ్ళంతా అమెరికా మగవాళ్ళే, వాళ్ళలో ఆడవాళ్ళు లేరు, మనలాంటివాళ్ళు అసలే లేరు. అయినా ఆ మాటను మేము కాదనం. కాకపోతే 'సంబంధం' అనేది చాలా వెడల్పైన మాట. కొడుకు రోజూ ఫోన్ చేసి "మందు వేసుకున్నావా?" అని అడిగినా సంబంధమే. మనవరాలు వచ్చి "ఈ దుంప ఎన్నిసార్లు ఉడకబెడితే చేదు పోతుంది?" అని అడిగినా సంబంధమే. అవ్వ ముఖంలో ఏ ప్రశ్నకు ఏం మారుతుందో చూసినవాళ్ళకు తేడా తెలుస్తుంది.

మన ఊళ్ళలో ఈ రెండో ప్రశ్న ఎక్కడికి పోయింది? పిల్లలతోపాటే హాస్టల్‌కు పోయింది. ఇది చెప్పక తప్పదు, చెప్పడం మనకు కష్టమైనా సరే. ఆశ్రమ పాఠశాల లేకపోతే మేము టీచర్లమయ్యేవాళ్ళం కాదు, ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు. కానీ మూడో తరగతిలో హాస్టల్లో చేరిన పిల్ల ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే ఉంటుంది. సెలవులకు ఊరొచ్చేసరికి ఏం అడగాలో తెలియదు. పటేల్ ఉన్నాడు, దేవారి ఉన్నాడు, కిక్రి వాయించే ప్రధాన్ ఉన్నాడు, విత్తనాలు దాచే అవ్వ ఉంది. అందరూ జవాబులు పట్టుకుని కూర్చున్నారు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైనప్పుడు గోండీలో వాచకాలు కూడా తయారుచేశారు. ఊరి మాటా బడి మాటా ఒకటిగా ఉండాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. ఆ దారిని మనం ఎంతదూరం నడిచామో మన బడుల గోడల మీది రాతలే చెబుతాయి.

అదే మార్లవాయిలో కనకరాజు గారు ఉండేవారు. గుస్సాడీ కనకరాజు. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 అక్టోబర్‌లో పోయారు. పేపర్లు అవార్డు గురించే రాశాయి. మేము మాత్రం ఆయన పెద్దవయసులో యువకులకు గుస్సాడీ నేర్పిన సంగతిని ముందు పెడతాం. నెమలి ఈకల టోపీ ఎట్లా నిలబడాలి, అడుగు ఎప్పుడు పడాలి అని కుర్రవాళ్ళు అడిగారు, ఆయన చూపించారు. మణుగూరు వైపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, ఆయన కూడా 2024లోనే పోయారు. సమ్మక్క సారలమ్మల కథనూ కోయ వంశాల కథలనూ నోటితో నిలబెట్టిన మనిషి. ఆయన దగ్గర ఎంతమంది కోయ కుర్రవాళ్ళు కూర్చుని నేర్చుకున్నారన్నది అక్కడి టీచర్లు వేసుకోవాల్సిన లెక్క, మేము వేయలేం.

మొదటి రకం అడగడం సంగతి కూడా మరవకూడదు. కథ అడిగితే అవ్వ కడుపు నిండదు. తెలంగాణలో ఆసరా పింఛను 2014 నవంబర్‌లో నెలకు 1,000 రూపాయలతో మొదలై, 2019లో 2,016 అయింది. ఆ డబ్బు తీసుకోవడానికి చాలాకాలం వేలిముద్ర పెట్టాల్సి వచ్చేది. డెబ్భై ఏళ్ళు నాగలీ గొడ్డలీ పట్టిన వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. మిషన్ ఒప్పుకునేది కాదు. రేపు రమ్మనేవారు. ఆ ముసలామె మర్నాడు మళ్ళీ వచ్చేది, ఆ పైరోజు కూడా వచ్చేది. అది ఆమె హక్కు, కానీ రెండోసారి వచ్చేసరికే ఆమె గొంతు అడుక్కునేవాళ్ళ గొంతులా మారేది. మనుషుల ముందు చెయ్యి చాపవద్దన్న కవి ఆ లైను చూసి ఉంటే ఏం రాసేవాడో! పింఛను పెరగాలని అడిగేవాళ్ళలో మేమూ ఉన్నాం. అది నేరుగా ఇంటికి చేరాలని కూడా అడగాలి.

టీచర్ల సంగతీ ఇందులోనే ఉంది. 2004 సెప్టెంబర్ 1 తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్ళకు పాత పెన్షన్ లేదు. ఇప్పుడు నలభైల్లో ఉన్న మాలాంటివాళ్ళలో చాలామంది 61 ఏళ్ళకు సీపీఎస్ ఖాతాలో ఉన్నదాంతో ఇంటికి వెళ్తారు. అప్పుడు మనకు తృప్తి పాఠం చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. యూనియన్ ఆ పోరాటం చేస్తోంది, చేయాలి. దానితోపాటు ఒక ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి. బడి గేటు దాటాక మనల్ని ఎవరు, ఏమి అడగడానికి వస్తారు? సిలబస్ మారిపోతుంది, మనం చెప్పిన లెక్కల పద్ధతి మారిపోతుంది. సదాశివ గారి దగ్గరికి జనం వెళ్ళింది ఆయన మాజీ టీచరని కాదు, ఇంకెవరి దగ్గరా దొరకనిది ఆయన దగ్గర ఉందని. మన ఊరి భాష, పాట, చెట్టు పేరు మనం ఇప్పుడు నేర్చుకోకపోతే అప్పటికి మన దగ్గర ఉండేవి ట్రైనింగ్ సర్టిఫికెట్లు, పాత డైరీలే.

అందుకే సంక్రాంతి సెలవులకూ వేసవి సెలవులకూ ఇచ్చే హోంవర్క్‌లో ఒక్క పేజీ మార్చమని కోరుతున్నాం. ఎక్కాలు పదిసార్లు రాయించడం కొంత తగ్గించి, ఊళ్ళో అందరికన్నా పెద్దవయసు మనిషి దగ్గరికి పంపండి. "మీ జీవితం గురించి చెప్పండి" అనే పెద్ద ప్రశ్న వద్దు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. పని గురించి అడిగించండి. ఈ బుట్ట అడుగు ఎట్లా మొదలుపెడతారు? ఈ వాగుకు ఈ పేరు ఎందుకు? కరువు ఏడు ఏం తిన్నారు? పిల్లలు గోండీలో అడిగి, గోండీలోనే విని, తెలుగులో రాసుకొస్తే చాలు. కోలామీ, కోయ మాట్లాడే చోట ఆ భాషల్లో.

కొన్నిటికి జవాబు రాదు. పేన్ కథలు ఎప్పుడు పడితే అప్పుడు చెప్పేవి కావు. పూజ సమయంలో, ప్రధాన్ కిక్రి తీసినప్పుడే చెప్పాల్సినవి ఉంటాయి. మందుచెట్ల గురించి కొందరు నోరు విప్పరు. ఇప్పుడు కాదు పొమ్మనడం కూడా పెద్దవాళ్ళ అధికారమే, దాన్ని వాళ్ళు ఇష్టంగా వాడుకుంటారు. ఆ పిల్ల నోటుబుక్కులో సగం పేజీ ఖాళీగా వస్తుంది. దానికి మార్కులు తగ్గించవద్దు. మళ్ళీ సెలవులకు అదే ఇంటికి పంపండి.